డిగ్రీ చేతికొచ్చింది, ఆడే సీజన్ మిగిలింది: మీ ప్రశ్నలు, మా జవాబులు

అమెరికా కాలేజీల్లో ఆడుతూ చదువుకుంటున్న తెలుగు పిల్లలు, వాళ్ల తల్లిదండ్రుల నుంచి ఈమధ్య ఒకే తరహా ఉత్తరాలు వరసగా వస్తున్నాయి. డిగ్రీ అయిపోతోంది, ఆడే అర్హత ఇంకా మిగిలే ఉంది, పీజీ పేరుతో వేరే యూనివర్సిటీకి మారాలా వద్దా అన్నది అందరి సందేహం. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: మా అబ్బాయి ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ మూడో ఏడు చదువుతున్నాడు. బేస్‌బాల్ ఆడతాడు. ఆడే అవకాశాలు సరిగా రావడం లేదని ఈ వేసవిలోనే వేరే కాలేజీకి మారతానంటున్నాడు. డిగ్రీ పూర్తి చేసుకుని మారితే మంచిదని అడ్వైజర్ అంటున్నారు. ఎలాగూ ఇప్పుడు ఎవరైనా మారి వెంటనే ఆడొచ్చు కదా, ఇక తేడా ఏముంది?
— ఒక తండ్రి, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: అడ్వైజర్ చెప్పిన మాటే మాదీను. తేడా ఆటలో లేదండీ, చదువులో ఉంది.

ముందు మాటల దగ్గర గజిబిజి లేకుండా చూసుకుందాం. మన దగ్గర డిగ్రీ పాసైనవాణ్ణి గ్రాడ్యుయేట్ అంటాం. అమెరికాలో గ్రాడ్యుయేట్ స్కూల్ అంటే మన పీజీ. అక్కడ కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని పై అంచె అయిన డివిజన్-1లో పిల్లలు కాలేజీలో ఫుల్‌టైమ్‌గా చేరిన రోజు నుంచి ఐదేళ్ల గడువు మొదలవుతుంది. ఆ ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడొచ్చు. ఒక ఏడాది రెడ్‌షర్ట్‌గా, అంటే జట్టులో ఉండి కూడా మ్యాచ్‌లు ఆడకుండా కూర్చున్నా, గాయం వల్ల ఆడలేకపోయినా, డిగ్రీ తొందరగా ముగించినా ఒక సీజన్ మిగులుతుంది. ఆ మిగిలిన సీజన్‌ను వేరే యూనివర్సిటీలో పీజీ విద్యార్థిగా ఆడటమే గ్రాడ్యుయేట్ ట్రాన్స్‌ఫర్. ఈ లెక్క మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడుస్తున్నాయి కాబట్టి, మీ అబ్బాయికి ఎన్ని సీజన్లు మిగిలాయో కాలేజీలో ఈ నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. కోచ్ నోటి మాట సరిపోదు.

ఒకప్పుడు మారినవాళ్లు కొన్ని ఆటల్లో ఏడాది బెంచీ మీద కూర్చోవాల్సిందే. అందులోంచి డిగ్రీ పూర్తయినవాళ్లకు 2006లో మినహాయింపు ఇచ్చారు. మరుసటి ఏడాదే సభ్య కాలేజీలు దాన్ని రద్దు చేశాయి. ఆ తర్వాత పాత కాలేజీలో లేని పీజీ కోర్సు కొత్త కాలేజీలో ఉంటేనే అనుమతి అన్నారు. 2011లో నార్త్ కెరొలైనా స్టేట్‌లో డిగ్రీ ముగించిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రస్సెల్ విల్సన్ విస్కాన్సిన్‌కు వెళ్లి, చేరిన సీజన్‌లోనే జట్టును రోజ్ బౌల్ అనే పెద్ద మ్యాచ్‌కు తీసుకెళ్లడంతో ఈ దారి దేశమంతా తెలిసింది. 2018 అక్టోబర్ 15న ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే మారాలనుకునేవాళ్లు పేరు ఎక్కించే ఆన్‌లైన్ జాబితా వచ్చింది. 2021లో డిగ్రీ విద్యార్థులకు కూడా ఒకసారి మారి వెంటనే ఆడే వీలు కల్పించారు. 2024 ఏప్రిల్‌లో ఎన్నిసార్లయినా మారొచ్చన్నారు, చదువు సక్రమంగా ఉంటే చాలన్నారు.

ఆ చివరి షరతులోనే ఉంది అసలు కథ. డిగ్రీ విద్యార్థిగా మారితే కొత్త కాలేజీలో డిగ్రీ ఎంత శాతం పూర్తయిందో చూస్తారు. మూడో ఏడు మొదలయ్యేసరికి 40, నాలుగో ఏడుకు 60, ఐదో ఏడుకు 80 శాతం అయి ఉండాలి. మీ అబ్బాయి నాలుగో ఏట అడుగుపెడతాడు కాబట్టి 120 క్రెడిట్ల డిగ్రీలో 72 కావాలి. చేతిలో 90 ఉన్నాయి, భయమేముంది అనిపిస్తుంది. కొత్త కాలేజీ ఆ 90 క్రెడిట్లనూ తీసుకుంటుంది. కానీ ‘తీసుకోవడం’ వేరు, డిగ్రీకి ‘లెక్కలోకి రావడం’ వేరు. పాత చోట చదివిన ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరు తమ పేపరుతో సరిపోలలేదని దాన్ని ఎలక్టివ్, అంటే ఐచ్ఛిక సబ్జెక్టు కింద వేస్తారు. ఎలక్టివ్‌లకు అప్పటికే చోటు నిండిపోయి ఉంటుంది. అలా 90లో 68 మాత్రమే కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి పనికొస్తే 56.7 శాతం. ఆడనివ్వరు. అప్పుడు అథ్లెటిక్స్ విభాగం నుంచి వచ్చే సలహా ఏమిటంటే, ఆ 90 క్రెడిట్లూ ఇమిడిపోయే జనరల్ స్టడీస్ లాంటి మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) మారమని. కంప్యూటర్ సైన్స్ పిల్లాడు కంప్యూటర్ సైన్స్ కాకుండా బయటికొచ్చే దారి ఇదే.

దానికి తోడు చాలా యూనివర్సిటీలు తమ డిగ్రీ ఇవ్వాలంటే కనీసం 30 క్రెడిట్లు తమ దగ్గరే చదవాలంటాయి. అదే డిగ్రీ పూర్తి చేసుకుని వెళ్తే ఈ శాతాల పట్టిక అతనికి వర్తించదు. ప్రతి సెమిస్టర్‌లో ఫుల్‌టైమ్‌గా చేరి, కనీసం 6 క్రెడిట్లు పాసైతే చాలు. పాత డిగ్రీని ఎవరూ తిరిగి లెక్కగట్టరు. వెంటనే ఆడే హక్కు ఇప్పుడు అందరికీ ఉంది కాబట్టి, గ్రాడ్యుయేట్ ట్రాన్స్‌ఫర్‌కు మిగిలిన అసలు లాభం ఇదొక్కటే. చిన్నదేం కాదు.

ప్రశ్న: నేను ఫుట్‌బాల్ ఆడతాను. మే నెలలో రావాల్సిన డిగ్రీని డిసెంబర్‌కే ముగించి జనవరిలో మారాలని ఉంది. ఫాల్ (ఆగస్టు-డిసెంబర్) సెమిస్టర్‌లో 21 క్రెడిట్లు తీసుకుంటే సరిపోతుంది. తీసుకోమంటారా?
— ఒక విద్యార్థి, షార్లట్

జవాబు: ఫుట్‌బాల్ సీజన్ నడిచే సెమిస్టర్‌లో 21 వద్దు బాబూ. అందులో 6 క్రెడిట్లు ముందు వేసవికి జరుపు, ఫాల్‌కు 15 మిగులుతాయి. వేసవి దాటిపోయి ఉంటే మే నెలలోనే డిగ్రీ తీసుకో. ఒక్క సబ్జెక్టు తప్పినా డిసెంబర్ డిగ్రీ లేనట్టే, డిగ్రీ లేకపోతే నువ్వు గ్రాడ్యుయేట్ ట్రాన్స్‌ఫర్‌వి కావు. పాసైనా సీ గ్రేడులు రెండు మూడు పడితే జీపీఏ 3.0 కిందికి జారుతుంది. చాలా పీజీ విభాగాల గుమ్మం అక్కడే ఉంటుంది.

2015లో ఈస్టర్న్ వాషింగ్టన్ నుంచి ఓరిగన్‌కు మారిన క్వార్టర్‌బ్యాక్ వెర్నన్ ఆడమ్స్ విషయంలో ఇదే జరిగింది. డిగ్రీకి ఒక్క లెక్కల సబ్జెక్టు మిగిలింది. కొత్త జట్టు ఆగస్టులో సాధన మొదలుపెట్టినా, ఆ పరీక్ష పాసయ్యేదాకా అతను చేరడానికి వీల్లేకపోయింది. సీజన్ ముందు సాధనలో కొన్ని రోజులు అలా పోయాయి. అతను ఆగస్టులో మారాడు కాబట్టి రోజులతో పోయింది. నీది జనవరి. 2026లో ఫుట్‌బాల్ పోర్టల్ జనవరి 2 నుంచి 16 వరకు మాత్రమే తెరిచారు, స్ప్రింగ్ తరగతులూ దాదాపు అదే సమయంలో మొదలవుతాయి. ఆలస్యానికి అక్కడ చోటే ఉండదు.

సెప్టెంబర్ మొదటి వారంలోనే రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి ఇంకా ఏం మిగిలిందో చూపే పత్రం) తీయించు. అడ్వైజర్ స్క్రీన్ మీద చూపించేది కాకుండా రిజిస్ట్రార్ ధ్రువీకరించింది కావాలి. గ్రాడ్యుయేషన్‌కు విడిగా దరఖాస్తు ఉంటుంది, దాని గడువు సాధారణంగా సెమిస్టర్ మొదట్లోనే ముగుస్తుంది. ఇది మర్చిపోయి అన్ని క్రెడిట్లూ ఉండి కూడా డిగ్రీ అందక ఆగిపోయేవాళ్లుంటారు. కమ్యూనిటీ కాలేజీలో ఆన్‌లైన్‌గా ఏదైనా సబ్జెక్టు తీసుకుంటే ఆ మార్కులు మీ యూనివర్సిటీకి చేరి నమోదు కావడానికి వారాలు పడుతుంది. కాబట్టి చివరి సెమిస్టర్‌లో అలాంటిది పెట్టుకోకు. పాత సెమిస్టర్లలో ‘ఇన్‌కంప్లీట్’ అని మిగిలిపోయిన గ్రేడు ఏదైనా ఉంటే ఇప్పుడే తేల్చుకో. పార్కింగ్ జరిమానాలు, లైబ్రరీ బాకీలు కట్టెయ్. చిన్న బాకీకి కూడా ట్రాన్‌స్క్రిప్ట్ ఆపే కాలేజీలున్నాయి.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకో. స్నాతకోత్సవంలో గౌను వేసుకుని స్టేజీ ఎక్కడం డిగ్రీ వచ్చినట్టు కాదు. ట్రాన్‌స్క్రిప్ట్ మీద డిగ్రీ ప్రదానం చేసిన తేదీ పడాలి. కొత్త యూనివర్సిటీ చూసేది ఆ తేదీనే.

పోర్టల్‌లో పేరు పెట్టడం ఉచితమేగా అనుకోవద్దు. పేరు ఎక్కించాక ఆ సెమిస్టర్ చివర నీ స్కాలర్‌షిప్ ఆపేసే హక్కు ప్రస్తుత కాలేజీకి వస్తుంది. పేరు వెనక్కి తీసుకోవచ్చు గానీ, నిన్ను తిరిగి జట్టులోకి తీసుకోవాల్సిన బాధ్యత కోచ్‌కు లేదు. అందుకే గ్రేడులు వచ్చాక పేరు పెట్టు, ముందు కాదు.

ప్రశ్న: మా వాడికి ఒకే సీజన్ మిగిలింది. సాకర్ ఆడతాడు, అంటే ఫాల్‌లోనే ఆట అయిపోతుంది. కొత్త యూనివర్సిటీ వాళ్లు 36 క్రెడిట్ల మాస్టర్స్ చెబుతున్నారు. సీజన్ అయ్యాక వాడు అక్కడ ఉంటాడో లేదో తెలియదు. సగంలో ఆపేస్తే ఆ చదువుకు విలువ ఏమైనా ఉంటుందా?
— ఒక తల్లి, నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: సగంలో ఆపిన మాస్టర్స్‌కు విలువ చాలా తక్కువమ్మా. ముందు క్యాలెండర్ మీద లెక్క వేసి చూడండి.

జూన్‌లో చేరితే వేసవిలో 6 క్రెడిట్లు, ఫాల్‌లో 9. సీజన్ ముగిసేసరికి 15. జనవరిలో వచ్చేస్తే 36లో 15తో వచ్చినట్టు. స్ప్రింగ్ ఉంటే 24, ఆ తర్వాతి వేసవికి 30, మరో ఫాల్‌లో మిగిలిన 6. అంటే జూన్‌లో మొదలుపెట్టి మరుసటి ఏడాది డిసెంబర్ దాకా ఏడాదిన్నర. అదే 30 క్రెడిట్ల కోర్సయితే మరుసటి ఆగస్టుకే అయిపోతుంది. 36కూ 30కీ తేడా ఆరు క్రెడిట్లే అనిపిస్తుంది గానీ, మీ అబ్బాయి జీవితంలో అది ఒక సెమిస్టర్ అద్దె, ఒక సెమిస్టర్ జీతం.

ఫుట్‌బాల్‌లో పేరున్నవాళ్లకే ఇది ఎలా జరిగిందో చూడండి. జో బరో ఒహాయో స్టేట్‌లో మూడేళ్లలో డిగ్రీ ముగించుకుని 2018లో ఎల్ఎస్‌యూకు (లూసియానా స్టేట్ యూనివర్సిటీకి) వెళ్లాడు. చేతిలో రెండు సీజన్లున్నాయి, అక్కడే లిబరల్ ఆర్ట్స్‌లో మాస్టర్స్ కూడా పూర్తి చేశాడు. జేలెన్ హర్ట్స్ అలబామాలో డిగ్రీ ముగించి 2019లో ఓక్లహోమాకు ఒకే సీజన్ కోసం వెళ్లాడు. హ్యూమన్ రిలేషన్స్‌లో అతని మాస్టర్స్ పూర్తయింది 2023లో. అప్పటికి ప్రొఫెషనల్ ఆటగాడిగా సూపర్ బౌల్ ఫైనల్ కూడా ఆడేశాడు. పట్టుదలగా పూర్తి చేశాడు, అందుకు అతన్ని మెచ్చుకోవాలి. కానీ ఒక్క సీజన్ మాస్టర్స్‌కు సరిపోదని దీన్ని బట్టే తెలుస్తోంది.

ఆ 15 క్రెడిట్లను తర్వాత వేరే యూనివర్సిటీకి తీసుకెళ్లొచ్చు కదా అంటారేమో. పీజీలో చాలా చోట్ల బయటి నుంచి 6 నుంచి 12 క్రెడిట్ల వరకే ఒప్పుకుంటారు. అవీ బీ గ్రేడుకు తగ్గకూడదు, ఐదేడేళ్లకంటే పాతవి కాకూడదు. సబ్జెక్టు కూడా సరిపోలాలి. సగం పోయినట్టే అనుకోండి.

కాబట్టి కోచ్‌తో కాదు, ఆ మాస్టర్స్ నడిపే విభాగంలోని గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌తో మాట్లాడండి. ఏ సబ్జెక్టులు ఫాల్‌లోనే ఇస్తారు, ఏవి స్ప్రింగ్‌లోనే? (ఒక్కటి తప్పిపోతే ఏడాది ఆగాలి.) మిగిలిన క్రెడిట్లు ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో పూర్తి చేయొచ్చా? డిగ్రీకి మొత్తం గడువు ఎన్నేళ్లు? ఆ మాస్టర్స్ లోపలే 12 లేదా 15 క్రెడిట్ల సర్టిఫికెట్ ఏదైనా ఇమిడి ఉందా? ఈ చివరిది ముఖ్యం. డిగ్రీ కోర్సులోనే చేరి, మొదటి 15 క్రెడిట్లు ఆ సర్టిఫికెట్‌కు సరిపోయేలా ఎంచుకుంటే, జనవరిలో వచ్చేసినా చేతిలో ఒక కాగితం ఉంటుంది. డేటా అనలిటిక్స్, అకౌంటింగ్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ లాంటి వాటిలో ఇలాంటివి దొరుకుతాయి.

ఇంకోటి అడగండి. గత ఐదేళ్లలో గ్రాడ్యుయేట్ ట్రాన్స్‌ఫర్‌గా వచ్చి ఆ మాస్టర్స్ పూర్తి చేసినవాళ్లు ఎందరు? కాలేజీ బ్రోషర్‌లో కనిపించే గ్రాడ్యుయేషన్ సక్సెస్ రేట్ చూపిస్తారు. అది బ్యాచిలర్స్ డిగ్రీ లెక్క. మీ అబ్బాయి చేరబోయే మాస్టర్స్ గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

జనవరిలో వచ్చేయక తప్పకపోతే స్ప్రింగ్ తరగతులు మొదలవకముందే ‘లీవ్ ఆఫ్ ఆబ్సెన్స్’ కాగితం పెట్టించండి. ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. స్కాలర్‌షిప్ డబ్బు వస్తుందని స్ప్రింగ్‌లో పేరు నమోదు చేసుకుంటారు, ఫిబ్రవరిలో ట్రయల్స్ కోసం వెళ్లిపోతారు. మూడు సబ్జెక్టులూ ఫెయిల్ అవుతాయి, జీపీఏ 3.0 దిగువకు పడిపోతుంది. ప్రొబేషన్ పడుతుంది. రెండేళ్ల తర్వాత తిరిగి వచ్చి పూర్తి చేద్దామన్నా ఆ తలుపు తెరుచుకోదు. సెలవు పెట్టి వెళ్లినవాడికి తలుపు తెరిచే ఉంటుంది.

ప్రశ్న: ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ వచ్చే మేలో వస్తుంది. వాలీబాల్ ఒక సీజన్ మిగిలింది. మంచి యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తూ ఆడాలని కోరిక. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ కూడా వస్తే డబ్బుకు ఇబ్బంది ఉండదు. మూడూ కలిసి నడుస్తాయా?
— ఒక విద్యార్థిని, ఆన్ ఆర్బర్

జవాబు: ఎంఎస్, వాలీబాల్ నడుస్తాయమ్మా. మూడోది కలిపితే ఏదో ఒకటి కుదేలవుతుంది.

సీజన్‌లో ఆటకు రోజుకు 4, వారానికి 20 గంటలే అని ఎన్‌సీఏఏ నిబంధన. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ మ్యాచ్ రోజు ఎంతసేపు పట్టినా 3 గంటలుగానే రాస్తారు. ప్రయాణం లెక్కలోకి రాదు. మోకాలికి ట్రైనర్ దగ్గర చేయించుకునే చికిత్సా రాదు. 20 అని రాసి ఉన్నా నీ వారంలోంచి పోయేది అంతకంటే చాలా ఎక్కువ. అసిస్టెంట్‌షిప్ ఇంకో 20. తరగతులు 9 గంటలు, ఇంజనీరింగ్‌లో హోంవర్కుకు క్రెడిట్‌కు మూడు గంటల చొప్పున 27. ప్రయాణం కలపకుండానే 76 అయింది.

సీజన్ ఉన్న ఫాల్‌లో ట్యూషన్ భారం అథ్లెటిక్ స్కాలర్‌షిప్ మీద వేసి, అసిస్టెంట్‌షిప్‌ను స్ప్రింగ్ నుంచి మొదలుపెట్టేలా విభాగంతో మాట్లాడు. ల్యాబ్ ఉన్న సబ్జెక్టు ఫాల్‌లో వద్దు. చాలా ల్యాబ్‌లు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా సాగుతాయి, సాధన కూడా అప్పుడే. మూడు వారాలు వరసగా ల్యాబ్ తప్పితే ఏ ప్రొఫెసరూ క్షమించరు. థీసిస్ చేసే ఉద్దేశం ఉంటే గైడ్‌కు సీజన్ తేదీలు ముందే ఇచ్చేసెయ్. కోర్సువర్క్ ఎంఎస్ అయితే ఇంకా తేలిక.

నిన్ను దెబ్బతీసేది అసలు దరఖాస్తు గడువు. మంచి ఇంజనీరింగ్ విభాగాల గడువు చాలావరకు డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారం లోపే. పోర్టల్ పనులు తేలేదాకా ఆగితే మిగిలేవి సీట్లు ఖాళీగా ఉన్న కోర్సులే. ఇంజనీరింగ్ పిల్లలు సంబంధం లేని ఏదో ఒక కోర్సులో తేలేది తెలివి తక్కువై కాదు, తేదీ దాటిపోయి.

దీనికి ఉపాయం తేలికే, చాలామందికి తోచదు. పీజీకి దరఖాస్తు చేయడానికి పోర్టల్‌లో పేరు ఉండాల్సిన పనిలేదు. అందరిలాగే డిసెంబర్‌లో నాలుగైదు యూనివర్సిటీలకు దరఖాస్తు చెయ్. ప్రొఫెసర్లతో, అడ్మిషన్ ఆఫీసుతో మాట్లాడు. పోర్టల్‌లో పేరు పడేదాకా అక్కడి కోచ్‌లతో మాత్రం నేరుగా గానీ, ఇంకొకరి ద్వారా గానీ మాట్లాడకు, అది నిబంధనకు విరుద్ధం. మార్చికి సీట్లు వచ్చాక, వాటిలో వాలీబాల్ జట్టులో నీకు చోటున్నది ఏదో చూసుకో. అప్పుడు పోర్టల్‌లో పేరు పెట్టి కోచ్‌తో మాట్లాడేటప్పుడు నీ చేతిలో సీటు ఉంటుంది. పీజీ సీటు ఇచ్చేది ప్రొఫెసర్ల కమిటీ, కోచ్ కాదు. ‘అడ్మిషన్ సంగతి మేం చూసుకుంటాం’ అని కోచ్ అంటే, ఏ కోర్సులో చూసుకుంటారో అడుగు.

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడ నుంచి ఎఫ్-1 వీసా మీద వెళ్లి టెన్నిస్ ఆడుతూ డిగ్రీ చదువుతోంది. ఒక ఏడాది ఆట మిగిలింది. స్పోర్ట్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌లో చేరి ఆడమని ఓ యూనివర్సిటీ పిలుస్తోంది. వీసా పరంగా జాగ్రత్తలు చెప్పగలరు.
— తల్లిదండ్రులు, విజయవాడ

జవాబు: అమెరికన్ పిల్లలకు సగంలో ఆపిన మాస్టర్స్ అంటే పోయిన సమయం. మీ అమ్మాయికి అది పోయిన ఉద్యోగం కూడా. అందుకే ఈ జవాబు కాస్త నిదానంగా చదవండి.

ఎఫ్-1 మీదున్నవాళ్లకు ప్రతి పైస్థాయి డిగ్రీకి 12 నెలల ఓపీటీ వస్తుంది, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి. బ్యాచిలర్స్‌కు ఒకటి, మాస్టర్స్‌కు మరొకటి. బ్యాచిలర్స్ ఓపీటీ వాడకుండా నేరుగా మాస్టర్స్‌లో చేరితే ఆ మొదటిది వదులుకున్నట్టే. ఆ తర్వాత సీజన్ అయిపోగానే మాస్టర్స్ మానేస్తే రెండోదీ రాదు. డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే కాలేజీ అధికారి) అనుమతితో మానేస్తే దేశం వదలడానికి 15 రోజులు ఇస్తారు, చెప్పకుండా మానేస్తే ఆ 15 రోజులూ ఉండవు. కాబట్టి మాస్టర్స్ పూర్తిచేసే ఖర్చు, ఆట ముగిసిన తర్వాతి సెమిస్టర్ల ఫీజుతో సహా, ఎవరు భరిస్తారో తేలకుండా ఒప్పుకోవద్దు.

రెండోది కోర్సు. వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద, కోర్సు ఏ రంగానిదో చెప్పే సీఐపీ కోడ్ అని ఒక అంకె ఉంటుంది. అది ప్రభుత్వ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే ఓపీటీకి ఇంకో 24 నెలలు కలుస్తాయి. ఒకే యూనివర్సిటీలో దాదాపు ఒకే రకం సబ్జెక్టులు చెప్పే రెండు కోర్సుల్లో ఒకటి ఆ జాబితాలో ఉండి, ఇంకొకటి లేకపోవచ్చు. కోర్సు పేరు చూసి అనుకోకండి, కోడ్ అడిగి జాబితాతో సరిచూసుకోండి. ఆ పిలిచిన యూనివర్సిటీలోనే అనలిటిక్స్ వైపు మొగ్గే కోర్సు ఉందేమో కనుక్కోవడం మంచిది.

మూడోది తేదీలు. డిగ్రీ ముగిశాక 60 రోజుల్లోపు సెవిస్ రికార్డును (ప్రభుత్వం దగ్గరుండే విద్యార్థి వీసా రికార్డును) కొత్త యూనివర్సిటీకి బదిలీ చేయమని పాత డీఎస్‌ఓను అడగాలి. డిగ్రీ ముగిసిన తేదీ, రికార్డు విడుదలైన తేదీ, వీటిలో ఏది ముందైతే దాని నుంచి 5 నెలల్లోపు కొత్త తరగతులు మొదలవ్వాలి. మే 10న డిగ్రీ ముగిసి ఆగస్టు 20న తరగతులైతే ఇబ్బంది లేదు, జులై 9లోపు బదిలీ అడిగితే సరిపోతుంది. డిసెంబర్ 12న డిగ్రీ ముగించి ఆగస్టులో చేరదామంటే ఎనిమిది నెలలు, కుదరదు. జనవరిలోనే చేరాలి, లేదా మధ్యలో ఓపీటీ తీసుకోవాలి. దానికి డిగ్రీ ముగియడానికి 90 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు.

టెన్నిస్ జట్లు తరచూ ప్రయాణాల్లో ఉంటాయి కాబట్టి పీజీ క్రీడాకారులకు ఆన్‌లైన్ సబ్జెక్టులు అంటగడతారు. ఎఫ్-1 వాళ్లకు ఫుల్‌టైమ్ లెక్కలో సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ సబ్జెక్టే, 3 క్రెడిట్లే, చెల్లుతుంది. పక్కనున్న అమెరికన్ సహచరి మూడూ ఆన్‌లైన్‌లో చదువుతుందని మీ అమ్మాయీ అలాగే చేస్తే స్టేటస్ పోతుంది. అథ్లెటిక్ అడ్వైజర్‌కు ఈ సంగతి గుర్తుండకపోవచ్చు, ప్రతి సెమిస్టర్ నమోదు డీఎస్‌ఓకు చూపించాకే ఖాయం చేయమనండి.

పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఇచ్చే ఎన్ఐఎల్ డబ్బు, 2025 నుంచి కాలేజీలు నేరుగా ఇస్తున్న ఆదాయ వాటా ఆశ చూపితే, ఇమిగ్రేషన్ లాయర్ చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. అనుమతి లేని పని కింద పడితే మొత్తం వీసాకే ఎసరు.

ప్రశ్న: మా అమ్మాయి ఐవీ లీగ్‌లో రోయింగ్ చేస్తుంది. రెండో ఏట గాయం వల్ల సీజన్ పోయింది. అక్కడే పీజీ చేస్తూ ఆ సీజన్ ఆడొచ్చా?
— ఒక తండ్రి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఆడనివ్వరండీ. ఐవీ లీగ్‌లోని ఎనిమిది యూనివర్సిటీల్లోనూ పీజీ విద్యార్థులకు ఆడే అర్హత లేదు. కోవిడ్ తర్వాత ఒక్క ఏడాది సడలించారు, అంతే. మిగిలిన సీజన్ బయటే ఆడాలి. అథ్లెటిక్ స్కాలర్‌షిప్ కూడా ఐవీలో ఇవ్వరు కాబట్టి మీ అమ్మాయికి జీవితంలో మొదటిసారి అది అందే అవకాశం ఇక్కడే ఉంది. ఐవీ డిగ్రీ ఉంటే గట్టి పీజీ కోర్సుల్లో కూడా సీటు దొరకొచ్చు. కాబట్టి కోర్సు విషయంలో రాజీ పడొద్దు. ఐదేళ్ల గడువు మాత్రం గాయం కోసం ఆగదు, నాలుగో ఏడు మొదలవగానే దరఖాస్తులు పెట్టించండి.

ప్రశ్న: ‘ఫుల్ స్కాలర్‌షిప్’ అని కోచ్ ఫోన్‌లో చెప్పారు. ఇంకా అడగాల్సింది ఏమైనా ఉందా?
— ఒక తల్లి, ఆల్ఫరెట్టా, జార్జియా

జవాబు: ఉందమ్మా. ఎన్ని సెమిస్టర్లకు అని అడగండి. ఆర్థిక సహాయ ఒప్పందం కాగితం మీద మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. ఫాల్ ఆటగాళ్లకు ఒక్క ఫాల్‌కే రాసిన ఒప్పందాలూ ఉంటాయి. స్ప్రింగ్, ఆ తర్వాతి వేసవి కూడా అందులో రాయించుకోండి. ఆట అయ్యాక అడిగితే అప్పటికి ఆ డబ్బు కొత్తవాళ్లకు వెళ్లిపోయి ఉంటుంది. 2025-26 నుంచి, ఆదాయ వాటా పద్ధతిలో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్ పరిమితుల స్థానంలో జట్టు సంఖ్య పరిమితులు వచ్చాయి. ఫుట్‌బాల్‌కు 105, పురుషుల బాస్కెట్‌బాల్‌కు 15. ఆ అంకెలో ఆట అయిపోయినవాడికి చోటు లేదు.

లోటు పడితే అప్పు చేద్దాం అనుకుంటే అదీ ఇప్పుడు ఇరుకైంది. పీజీలో పెల్ గ్రాంట్ (డిగ్రీ విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే సాయం) ఉండదు. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణం లేదు. మాస్టర్స్ విద్యార్థికి ఫెడరల్ రుణం ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష డాలర్ల వరకే. ప్రైవేటు యూనివర్సిటీ పీజీ ట్యూషన్‌కు ఏడాదికి 20,500 చాలా చోట్ల సరిపోదు.

పన్ను సంగతి కూడా చెప్పాలి. స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాలకు పోయిన భాగం మీద పన్ను లేదు. ఉండటానికి, తిండికి, చేతి ఖర్చుకు ఇచ్చింది పన్ను కట్టాల్సిన ఆదాయమే. జనవరిలో వచ్చే 1098-టి పన్ను ఫారంలో 5వ గడి (స్కాలర్‌షిప్) అంకె 1వ గడి (ట్యూషన్) కంటే ఎక్కువగా ఉంటే ఆ తేడా దగ్గర ఆగి చూడండి. దాని మీద జీతంలోలా ముందే కోత పడదు. అందుకని సెమిస్టర్ మొదట్లోనే కొంత పక్కన పెట్టమని మీ పిల్లలకు చెప్పండి, ఏప్రిల్‌లో తడుముకోకుండా.